శాంపిల్ వల

రమణమూర్తి మెడలో వేసుకున్న ఐడీ కార్డుని అద్దంలో ఓసారి చూసుకుని, దాన్ని చొక్కా జేబులోకి దింపాడు. నీలం రిబ్బను కనిపించాలి, కార్డు కనిపించకూడదు. కార్డులో ఫొటో బాగానే ఉంటుంది. పేరూ పెద్దక్షరాల్లోనే వేశారు. దాని కిందే ఎర్రరంగులో, పేరుకన్నా లావుగా, ‘ఔట్‌సోర్సింగ్’ అని ఉంటుంది. జేబు సరిగ్గా ఆ మాటని మింగేంత లోతు ఉండాలని చొక్కా కుట్టించుకున్నప్పుడల్లా టైలరుకి చెబుతాడు. ఎందుకో మాత్రం చెప్పడు.

“మెడలో ఏసుకోడానికి సిగ్గయితే ఇంట్లో వొగ్గేసి ఎల్లరాదా?” అంది వంటింట్లోంచి అనూరాధ, వెనక్కి తిరక్కుండానే. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో, మొగుడు ఏ మూల ఏం చేస్తున్నాడో గిన్నెల చప్పుడులోంచి కూడా ఆవిడకి తెలిసిపోతుంది.

“అది లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు” అన్నాడు.

ఇంటి వెనక గూడ్సు బండి పోతోంది. కంచరపాలెంలో ఆ వరస ఇళ్ళన్నిటికీ రైలు వెళ్ళేదాకా మాట ఆపి, వెళ్ళాక అక్కణ్ణుంచే అందుకోవడం అలవాటు. బండి వెళ్ళాక అనూరాధ మరేమీ అందుకోలేదు. అతను వదిలేసిన ఇడ్లీ కేసి చూసి పళ్ళెం తీసేసింది. నెలరోజులుగా అతను పళ్ళెంలో ఏదో ఒకటి వదిలేస్తున్నాడు.

ఇద్దరిదీ చీడికాడ పక్కన పల్లెటూళ్ళే. ఆవిడ మాటలో ఆ ఊరు ఇంకా ఉంది. అతని మాటలోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. మొదటి ఉద్యోగంలో ఓ రోజు “నాను రాసినానండి” అంటే గది గదంతా నవ్వింది. అప్పట్నుంచీ రమణమూర్తి ‘నేను’ అనేముందు ప్రతిసారీ కాస్త ఆగి, బురదలో పంచె ఎత్తిపట్టుకుని అడుగేసినట్టు జాగ్రత్తగా అంటాడు. ఇంట్లో కూడా వార్తలు చదివినట్టే మాట్లాడతారని అనూరాధ నవ్వుతుంది. పరుపు మీద కూడానా అని ఒకసారి అడిగింది గానీ, అది వేరే సంగతి.

అతని ఉద్యోగం ఏమిటో చుట్టాలకి చెప్పడం కష్టం. సర్కారు కొనే వస్తువుల్లో చిన్న చిన్న పరిశ్రమలకీ, ఎస్సీ ఎస్టీలకీ, ఆడవాళ్ళ సంఘాలకీ కొంత వాటా పక్కన పెట్టారు. పెట్టారు గానీ ఎక్కడ పెట్టారో ఆ వాటాదారులకి చెప్పే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి రమణమూర్తి. పారిశ్రామికవాడలో ఒక సహాయ కేంద్రం, అందులో చేతులు కడుక్కునే కుళాయి పక్కన ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు. సేఫ్టీ బూట్లు కుట్టే దళిత అన్నదమ్ములు, ఫినాయిలు కాచే వితంతువు, బెంచీలు చేసే వడ్రంగులు వస్తారు. వాళ్ళ కాయితాలన్నీ స్కాన్ చేసి, టెండరు గడువు లోపల ఎక్కించి, శాంపిల్ ఎక్కడ ఇవ్వాలో చెప్పి, చాలాసార్లు తనే పట్టుకెళ్ళి ఇస్తాడు. టెండరు గెలిచినవాళ్ళు స్వీటు బాక్సు తెస్తారు. అధికారుల ఎదుట తినడానికి సిగ్గు, తెచ్చినవాళ్ళని వద్దనడానికీ సిగ్గు. అందుకని సొరుగులో పెట్టేస్తాడు. విశాఖపట్నం మొత్తమ్మీద సర్కారీ కాంట్రాక్టుల వల్ల బాగుపడ్డ చీమలు అతని సొరుగులోనే ఉంటాయి.

ఇంకో అలవాటు కూడా ఉంది. వచ్చినవాళ్ళ దగ్గర జిగురు వాసనో, చెమట వాసనో వస్తే “వరండాలో గాలి బాగుంటుంది రండి” అని బయటికి తీసుకెళ్ళి మాట్లాడతాడు. మర్యాదగానే తీసుకెళతాడు. ఆ మర్యాద పక్కనే ఉన్న అధికారి గది తలుపు కోసమని వాళ్ళకి తెలీదనుకుంటాడు.

జాలరిపేట నుంచి నూకాలునీ, ఆమె అత్త మహాలక్ష్మమ్మనీ అలాగే వరండాలోకి తీసుకెళ్ళాడు.

నూకాలు పది మంది ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. వాళ్ళ మగవాళ్ళు వేటకెళితే వీళ్ళు వలలు అల్లుతారు, చిరిగినవి బాగుచేస్తారు. రేవులో ఓడ దిగే నిచ్చెన కింద ఒక వల కడతారని, పొరపాటున మనిషి జారితే ఓడకీ జెట్టీకీ మధ్య నీళ్ళలో పడకుండా ఆ వల పట్టుకుంటుందని, జెట్టీలు చూసుకునే ఒక సర్కారీ సంస్థ ఆ వలలు కొంటోందని రమణమూర్తే వాళ్ళకి ఫోను చేసి చెప్పాడు. నిజం చెప్పాలంటే అతని ఉద్యోగంలో అతను గర్వపడ్డ ఫోను అదొక్కటే. చేపలు పట్టే వల మనుషుల్ని కూడా పడుతుందా అని నూకాలు నవ్వింది. సంఘంలో అందరూ అల్లినా శాంపిల్ మాత్రం అత్త చేత్తోనే అల్లించింది. ఆ ముసలిదాని ముడి ఒకసారి బిగిస్తే కత్తికి తప్ప దేనికీ లొంగదని పేటలో పేరు.

వల గోనెసంచిలోంచి బయటికి తీయగానే వరండా అంతా సముద్రం వాసన కొట్టింది. లావుపాటి నైలాను తాడు, చదరంగం గళ్ళలా వల కళ్ళు. మహాలక్ష్మమ్మ వల ఒక మూల పైకెత్తి ఏదో చెప్పింది. తాము వల అల్లేటప్పుడు మొట్టమొదటి కన్ను మూయకుండా తాడు కొస వదిలేస్తామని, వల అంతా అయ్యాక ఎవరికోసం అల్లారో వాళ్ళే తమ చేత్తో ఆ ముడి వేసుకోవాలని, అప్పుడే అది వాళ్ళ వల అవుతుందని. రమణమూర్తి చెవి ఒకటి ఆవిడ మీద, రెండోది అధికారి తలుపు మీద ఉన్నాయి. రెండో చెవి గెలిచింది. “సరే అమ్మా, సరే, నేను చూసుకుంటాను” అని వాళ్ళని పంపేశాడు.

శాంపిల్ ఇవ్వడానికి ఆ సంస్థ స్టోరుకి వెళ్ళినప్పుడు, లోపలికి వెళ్ళేముందు సంచి విప్పి చూసుకుంటే మూల కన్ను నోరు తెరుచుకుని, తాడు కొస వేలాడుతూ కనిపించింది. మనసులో మొదట వచ్చిన మాట, ‘చదువు లేనివాళ్ళతో ఇదే బాధ’ అన్నది. కౌంటర్లో కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వేది వాళ్ళని కాదు, తెచ్చినవాణ్ణి. సైకిల్ స్టాండు వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా, ఆ కన్ను తనే ముడేశాడు. అతనికి చేతనైనది, చిన్నప్పుడు గేదె దూడని గుంజకి కట్టే ముడి. ఒక కొస లాగితే ఊడొస్తుంది. దూడకి అదే సుఖం, కట్టినవాడికీ సుఖం. రమణమూర్తి తన జీవితంలో వేసిన ముళ్ళలో నిలబడ్డవి మూడే. అవీ అనూరాధ ఓపిక వల్ల నిలబడ్డాయి.

ఆ స్టోరులో వలని నాలుగు మూలలా కట్టి పైనుంచి ఇసుక మూట వదిలి చూస్తారు. రమణమూర్తి కట్టిన మూల జారిపోయింది. మూట నేల మీద పడింది. శాంపిల్ పరీక్షలో పోయిందని కంప్యూటర్లో ఒక వాక్యం వచ్చింది. నూకాలుకి ఫోను చేశాడు.

“ముడి జారిందట అమ్మా” అన్నాడు.

“ఏ ముడి బాబూ?”

“అది నాకు తెలీదు.”

ఆ ఒక్క మాటా ఆడకుండా ఉంటే బాగుండేదని ఫోను పెట్టేయకముందే అనిపించింది. అయినా పెట్టేశాడు. తర్వాత మళ్ళీ చేద్దామనుకున్నాడు. మర్నాడు అనుకున్నాడు. ఆదివారం అనుకున్నాడు. ఒక అబద్ధాన్ని సరిచేయడానికి మంచి రోజు అంటూ ఉండదని తెలిసేసరికి నెల గడిచింది.

నిన్న రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి స్టోరు గుమాస్తా జయంత్ దగ్గర్నుంచి, పరీక్షలో పోయిన శాంపిళ్ళు రేపటికల్లా తీసుకెళ్ళకపోతే తుక్కులో కలిపేస్తామని. రెండోది నూకాలు దగ్గర్నుంచి. ఆ వలలకే మళ్ళీ టెండరు పిలిచారని పేటలో ఎవరో చెప్పారట. మళ్ళీ వేద్దామంది. ఈసారి శాంపిల్ తనే అల్లుతుందట.

“అత్త సెయ్యి పెట్టదు బాబూ. తన ముడి జారిపోనాదని ఆ రోజు నుంచి సూది ముట్టుకోలేదు. గోడ కాసి తిరిగి పడుకుంటాది. పని సెయ్యని నోటికి కూడేటని సరీగా తినదు కూడా” అంది.

అందుకే ఈ పూట ఇడ్లీ మిగిలిపోయింది.

సహాయ కేంద్రంలో సంతకం పెట్టి, ఫీల్డు పని అని చెప్పి, పదకొండు గంటల వేళకి రమణమూర్తి స్టోరుకి చేరాడు. జయంత్ ముప్పై లోపువాడు, నోరు మంచివాడు. గోనెసంచి ఈడ్చుకొచ్చి కౌంటరు మీద వేశాడు.

“ఈ వల పోవడం నాకే బాధేసింది సార్. ముళ్ళన్నీ ఇనుములా ఉన్నాయి. ఆ మూలొక్కటే ఎవడో దూడని కట్టినట్టు కట్టాడు. మా ఊళ్ళో అలాగే కడతారు లెండి” అని నవ్వాడు.

రమణమూర్తి కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికే తెలీదు. ఎదుటివాడు నవ్వితే నవ్వేసే అలవాటు. కానీ ఆ నవ్వు నోట్లోంచి వచ్చి, అక్కడే పెదాల మీద ఎండిపోయింది. జయంత్ లోపలికి వెళ్ళాక కూడా తన మొహం అలాగే ఉందని, దాన్ని మామూలుగా పెట్టుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చిందని ఎవరికీ చెప్పలేడు.

పూర్ణా మార్కెట్ దగ్గర బస్సు మారి, సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వల దగ్గర ఇప్పుడు సముద్రం వాసన రావడం లేదు. గ్రీజు వాసన, దుమ్ము వాసన, సర్కారు వాసన వస్తోంది. సంచి మూతి తెరిచి ఆ మూల చూశాడు. తన ముడి జాడే లేదు. ముసలావిడ వదిలినట్టే కన్ను తెరుచుకుని ఉంది, తాడు కొస మాత్రం కొంచెం వంకర తిరిగి ఉంది. ఆ వంకరని బొటనవేలితో నిమిరి సాపు చేయబోయి, ఏం చేస్తున్నాడో తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జాలరిపేటలో పడవలు ఒడ్డుకి చేరి చాలాసేపయింది. నీలం టార్పాలిన్ పట్టా నీడలో నూకాలూ మరికొందరు ఆడవాళ్ళూ వల ముందేసుకుని కూర్చున్నారు. అతన్ని చూసి కుర్చీ తెప్పించారు, టీ తెప్పించారు. వాళ్ళు ఆఫీసుకొస్తే తను వరండాలో నిలబెట్టాడన్న సంగతి కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది. వెనక ఇంటి అరుగు మీద మహాలక్ష్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వెన్నెముక చీర మీంచి ముడులు ముడులుగా కనబడుతోంది.

దారిలో తయారుచేసుకున్న వాక్యం ఒకటి ఉంది. మంచి వాక్యం. ‘ఒక చిన్న పొరపాటు జరిగింది’ అని మొదలవుతుంది. అది టీతో పాటు గొంతులో దిగిపోయింది. ఈలోగా నూకాలు సంచి కుమ్మరించి వల పరిచింది. ఒక్కో వరసా పట్టి చూసింది.

“ముళ్ళన్నీ బాగున్నాయి కదా బాబూ. జారిందేటి మరి?”

అరుగు మీద కదలిక వినిపించింది. మహాలక్ష్మమ్మ లేచి కూర్చుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్టు దిగి వచ్చి, వల పక్కన చతికిలబడి, ఒక చివర ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళతో చూడలేదు. వేళ్ళతో మొదలుపెట్టింది. ఒక ముడి, దాని పక్కది, దాని పక్కది. రెండు వేళ్ళ మధ్య నొక్కి, గోటితో ఓసారి గీకి, వదిలేస్తోంది. చిక్కుడుకాయలకి ఈనె తీస్తున్నట్టుంది. ఆ చెయ్యి వరస చివరికి వెళ్ళి, మళ్ళీ ఇటు వచ్చి, మళ్ళీ అటు వెళుతోంది. ఆవిడ తను చెడగొట్టాననుకున్న ముడి ఎక్కడుందో వెతుక్కుంటోంది. అది అక్కడ లేదని ఆ చోట తెలిసిన మనిషి ఒక్కడే, వాడు టీ తాగుతున్నాడు.

చెయ్యి ఆఖరి మూలకి చేరింది. తెరిచిన కన్ను దగ్గర ఆగి, తాడు కొస పట్టుకుని, వదిలేసింది.

“ఏదీ జారలేదు” అంది మహాలక్ష్మమ్మ. ఆ మాట సంతోషంగా కూడా అనలేదు. అర్థంకానట్టు అంది.

నూకాలు మొహం ఎర్రబడింది. “అయితే ఆ స్టోరోలు అబద్దమాడినారన్న మాట. జాలరోలి వల అని తీసి పారేసినారు. ఊరుకునేది లేదు బాబూ. మీరే మాతో వచ్చి సాచ్చికం సెప్పాల. ఆ పరీచ్చ సేసినోడి ఉద్యోగం తీయించీదాకా నానూరుకోను” అంది. మిగతా ఆడవాళ్ళు కూడా సూదులు కింద పెట్టేశారు.

రమణమూర్తికి జయంత్ నవ్వు మొహం కనిపించింది. ముళ్ళన్నీ ఇనుములా ఉన్నాయన్న మనిషి. ఇప్పుడింకో మాట కూడా ఆడకుండా కుర్చీలో కూర్చుంటే చాలు, తప్పు దానంతటది ఇంకొకడి మీదికి నడిచి పోతుంది. తను పెద్దగా ఏం చేయక్కర్లేదు. ఎప్పటిలాగా ఉంటే చాలు.

గ్లాసు ఇసకలో పెట్టాడు.

“నానే ముడేసినానమ్మా” అన్నాడు.

ఆ ‘నాను’ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. ముందు ఆగలేదు, పంచె ఎత్తిపట్టుకోలేదు. బురదలో దిగబడినట్టు దిగబడ్డాడు. “సైకిల్ స్టాండు ఎనకాల. మూల తెరిసున్నాదని సూసి, నవ్వుతారని, నానే కట్టేసినాను. దూడల్ని కట్టే ముడి. అదే జారిపోనాది. స్టోరోలు మంచిగానే సూసినారు. నీ ముడి ఏదీ జారలేదు” అన్నాడు. అంతా చెప్పేశాక ‘ఒక చిన్న పొరపాటు’ అన్న మాట అందులో ఎక్కడా రాలేదని గమనించాడు.

సముద్రం తన పని తను చేసుకుంటోంది. నూకాలు అతని కేసి చూడలేదు. అత్త కేసి కూడా చూడలేకపోయింది. ఆ నెలలో ఇంట్లో నూకాలు కూడా అత్తని ఏవో మాటలు అనే ఉంటుంది.

“నీ వల కాదు కదా బాబూ” అంది మహాలక్ష్మమ్మ చివరికి. “నువ్వెందుకేసినావు? ఎవలి వలకి ఆలే ఏసుకోవాలని సెప్పినాను కదా.”

“సరీగా ఇనలేదమ్మా.”

“అవును. తలుపు కాసి సూత్తన్నావు” అంది ఆవిడ. తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ నూకాలు ముందున్న తాడు ఉండ తనవైపు లాక్కుంది. వల అల్లే వెదురు సూది అందుకుని తాడు ఎక్కించింది. కొత్త వలకి మొదటి కన్ను మొదలుపెడుతూ, విడిచే కొస ఎంత ఉండాలో చూసి, ఇంకో జానెడు వదిలింది. పక్కనున్నావిడ, అంత కొస ఎందుకు దండగ అంది.

“ముడి రానోలికి తాడెక్కువ కావాల” అంది మహాలక్ష్మమ్మ, అతన్ని చూడకుండా.

ఆడవాళ్ళంతా నవ్వారు. ఈసారి రమణమూర్తి నవ్వలేదు. కళ్ళు దించుకుని, ఆ నవ్వు అయ్యేదాకా కూర్చున్నాడు. ఆ రాత్రి అనూరాధకి ఇదంతా ఆమె భాషలోనే చెప్పాడు. ఆవిడ విని, పళ్ళెంలో ఇంకాస్త అన్నం పెట్టింది.

తర్వాత రెండు వారాలకి నూకాలు ఒక్కతే ఆఫీసుకి వచ్చింది, నెత్తి మీద గోనెసంచితో. వరండాలో ఆగిపోయింది. రమణమూర్తి వెళ్ళి లోపలికి పిలిచి, తన బల్ల ముందు కుర్చీ వేశాడు. సముద్రం వాసన గదంతా నిండింది. అధికారి తలుపు తీసి, ముక్కు మీద చెయ్యి పెట్టుకుని చూసి, మళ్ళీ వేసుకున్నాడు. రమణమూర్తి సొరుగు లాగి, ఎవరో తెచ్చిన మైసూరుపాకు బాక్సు తీసి, చీమలు దులిపి ఆమె ముందు పెట్టాడు.

“మీ అత్తకి కూడా పట్టుకెళ్ళమ్మా” అన్నాడు.

“అత్త ఎల్లిపోనాది బాబూ, మొన్న ఆదివారం” అంది నూకాలు. “పొద్దుట లేపడానికెల్తే లేవలేదు. ఏ బాదా లేదు. ముందురోజు దాకా అల్లుతానే ఉన్నాది. కూడు కూడా అడిగి ఎట్టించుకున్నాది.” సంచి మూతి విప్పి వల మధ్యలో ఒక చోట వేలు పెట్టి చూపించింది. “ఇక్కడి దాకా ఆవిడే. మిగిలింది నాను.”

ఆవిడ సూది ముట్టుకోకుండా, గోడవైపు తిరిగి పడుకున్న నెల ఒకటి ఉంది. రమణమూర్తి ఎంత చూసినా ఆ నెల ఆ వలలో ఎక్కడా కనిపించలేదు. దాన్ని తను తిరిగి ఇవ్వలేడు. మైసూరుపాకు బాక్సు మూత పెట్టాడు. మూత సరిగా పడలేదు. మళ్ళీ పెట్టాడు.

శాంపిల్ అతనే పట్టుకెళ్ళాడు. సైకిల్ స్టాండు వైపు చూడకుండా నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, మెడలో కార్డు జేబులోంచి బయటికి జారి వేలాడుతున్నా పట్టించుకోకుండా, సంచి విప్పాడు. జయంత్ చూడగానే నవ్వాడు.

“మళ్ళీ మూల వదిలేశారేంటి సార్?”

“ఈ వల మీది. ఆ ముడి మీరే వేసుకోవాలి. అది ఆళ్ళ పద్ధతి” అన్నాడు రమణమూర్తి.

జయంత్ పక్క బల్ల వాణ్ణి పిలిచి ఆ సంగతి చెప్పాడు. అతను ఇంకొకణ్ణి పిలిచాడు. ముగ్గురూ కాసేపు నవ్వుకున్నారు. దీనికి పూజారిని కూడా పిలవాలా అని ఒకడు అడిగాడు. రమణమూర్తి చెవులు కాలిపోతున్నాయి. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు. వలలు పరీక్షించే ఫోరమన్ భోజనం చేసి వచ్చాక ఆయనే కట్టుకుంటాడని, కూర్చోమని జయంత్ చివరికి అన్నాడు.

అతను బెంచీ మీద కూర్చున్నాడు. కౌంటరు మీద వల చివర, కావలసినదానికన్నా జానెడు ఎక్కువ వదిలిన ఆ తాడు కొస, ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది.